పట్టుడా, గుద్దుడా: సోమవారం చాయ్ బల్ల దగ్గర నేర్చుకున్న కోచింగ్

కోచ్ అసలు పని మ్యాచ్ అయిపోయాక మొదలవుతుందని నాకు ఏ శిక్షణ శిబిరంలోనూ చెప్పలేదు. శంషాబాద్ బస్టాండు దగ్గర పంక్చర్ షాపు నడిపే నర్సింగ్ చెప్పాడు. మా జట్టు మొట్టమొదటిసారి చిత్తుగా ఓడిన ఆదివారం సాయంత్రం, నేను స్కూటర్ స్టార్ట్ చేస్తుంటే హ్యాండిల్ పట్టుకున్నాడు.

"సారూ, ఓడగొట్టినవ్. సరే. రేపు పొద్దుగాల హోటల్‌కి వచ్చి ఎందుకు ఓడగొట్టినవో చెప్పు. చాయ్ మేం తాపిస్తం."

ఆ చాయ్ తాగడానికి వెళ్లడం నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. అందుకే ఇది రాస్తున్నాను. ఇప్పుడు చాలామంది పిల్లలు ఆటల కోచింగ్‌లోకి వస్తున్నారు. మెడలో విజిలు, చేతిలో ఫోను, ఫోనులో ఆస్ట్రేలియా మ్యాచ్‌లు. మేం మొదలుపెట్టినప్పుడు మాకు అవేవీ లేవు. కానీ వాళ్ల కంటే ముందు మేం కొన్ని గోతుల్లో పడ్డాం. ఆ గోతులు ఎక్కడున్నాయో చెబితే కొత్తవాళ్లు కొత్త గోతుల్లో పడే వీలుంటుంది.

నేను శంషాబాద్ పక్కన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో డ్రిల్ సారుగా పనిచేశాను. ఇంక్రిమెంట్లు, బదిలీలు, సన్మానపు శాలువాల గురించి రాయను. అవి అందరికీ ఉంటాయి. బడి అయ్యాక సాయంత్రాలు నేను నడిపిన ఫుటీ జట్టు గురించి రాస్తాను. ఫుటీ అంటే ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్. అది మాత్రం అందరికీ ఉండదు.

ఎర్ర బంతి

విమానాశ్రయంలో పనిచేసే ఒక ఇంజనీరు కొన్నాళ్లు ఆస్ట్రేలియాలో ఉండి వచ్చాడు. మా బడి మైదానానికి ఒక వింత బంతి పట్టుకొచ్చాడు. ఎర్రగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంది. ఒక వేసవి అంతా మా పెద్దపిల్లలతో దాన్ని తన్నించాడు. ఆ తర్వాత బదిలీ అయి వెళ్లిపోయాడు. బంతి మాకు మిగిలింది, నియమాలు ఆయనతో వెళ్లిపోయాయి.

నేను ఇంటర్‌తో చదువు ఆపినవాణ్ణి, తర్వాత వ్యాయామ విద్యలో సర్టిఫికెట్ చేశాను. నాకు తెలిసిన ఇంకే విషయమైనా గ్రంథాలయం నుంచి వచ్చిందే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది. సెలవు రోజుల్లో బస్సెక్కి నగరంలోని పెద్ద గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. క్రీడల గురించిన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకంలో ఈ ఆట మీద కొన్ని పేజీలు దొరికాయి. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో వాక్యం విప్పుకుంటూ చదివాను. చదువుతున్నకొద్దీ ఒంట్లో ఏదో పరుగెత్తినట్టుండేది. కాలితో తన్నొచ్చు, చేత్తో పట్టొచ్చు, పరుగెత్తొచ్చు, మీదికి ఎగరొచ్చు! మా పిల్లలకు వచ్చినవన్నీ ఒకే ఆటలో ఉన్నాయి.

తెలియనివాళ్ల కోసం ఆటను కాస్త చెబుతాను. మైదానం కూడా గుడ్డు ఆకారమే. రెండు కొసల్లో నాలుగేసి కర్రలుంటాయి. మధ్యలో రెండు పొడవువి, వాటికి అటూ ఇటూ రెండు పొట్టివి. పొడవు కర్రల మధ్యకు బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పొడవు కర్రకూ పొట్టి కర్రకూ మధ్య పోతే ఒక్కటే. కర్రల దగ్గర నిలబడే అంపైరు ఆరు పాయింట్లకు రెండు జెండాలు ఊపుతాడు, ఒక పాయింటుకు ఒక జెండా. దూరం నుంచి తన్నిన బంతిని గాల్లోనే శుభ్రంగా పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాణ్ణి ఎవరూ తాకకూడదు. తీరిగ్గా తన్నుకోవచ్చు. ఈ మార్క్ దగ్గరే మా కథ అంతా ఉంది.

మా హెడ్మిస్ట్రెస్ గారు నేను చూసిన పైఅధికారుల్లో ఉత్తమురాలు. ఆమెకు ఆటలంటే బొత్తిగా తెలియదు, తెలియదని ఒప్పుకునేది. మైదానం అడిగితే, "ఇది క్రికెట్టా, ఫుట్‌బాలా, కుస్తీనా సార్?" అంది. మూడూ అన్నాను. "అయితే సాయంత్రం ఐదు తర్వాత ఆడుకోండి, పొద్దున ప్రార్థనకు గోతులు లేకుండా చూడండి" అంది. అంతే. తర్వాత వచ్చిన కొందరు ఆటలన్నీ తెలిసినవాళ్లు. వాళ్లతో పడ్డ కష్టం ఇక్కడ రాయను.

కబడ్డీ కాళ్లు

జట్టులో చేరినవాళ్లు ఎక్కువమంది నా పాత విద్యార్థులే. క్యాబ్ డ్రైవర్లు, కార్గో లోడర్లు, పొలం చేసుకునేవాళ్లు. అందరికీ చిన్నప్పటి నుంచి కబడ్డీ. మైదానం చిన్నది కాబట్టి తొమ్మిదిమందితో ఆడేవాళ్లం. అప్పటికి అత్తాపూర్, బాలాపూర్‌లలోనూ ఇలాంటి జట్లు పుట్టుకొచ్చాయి.

మొదటి కొన్ని నెలలు ఒక వింత చూశాను. మావాడు బంతి దొరకబుచ్చుకుంటాడు, ఇద్దరిని తప్పించుకుంటాడు, ఆ వెంటనే గిరుక్కున వెనక్కి తిరిగి మా వైపే పరుగెత్తుకొస్తాడు! కూతకు వెళ్లినవాడు ప్రాణంతో తిరిగి గీత దాటాలి కదా. ఆ అలవాటు ఎముకల్లో ఉంది. "అరేయ్, అటు పోరా, ఇల్లు అటుంది!" అని నేను అరుస్తుండేవాణ్ణి. ఎదుటివాణ్ణి పట్టుకోవడంలోనూ అంతే. మడమ పట్టేవాళ్లు. ఈ ఆటలో భుజానికి కింద, మోకాలికి పైన మాత్రమే పట్టాలి. ప్రతి మడమకూ అంపైరు విజిలు వేసేవాడు.

ఇక్కడ కొత్త కోచ్‌లకు ఒక మాట. పిల్లలకు ముందే వచ్చిన ఆటను తిట్టకండి. నేను తిట్టడం మానేసి, వాళ్ల కబడ్డీ గొలుసును అలాగే వాడాను. ముగ్గురు చేతులు చాచి, ఒకరి కదలికను ఒకరు చూసుకుంటూ దారి మూసేవాళ్లు. చేయి చేయి పట్టుకోకూడదు, అంతే తేడా. ఆ గోడను దాటలేక అత్తాపూర్ నుంచి వచ్చిన జట్టు తల పట్టుకుంది.

సోమవారం బల్ల

అత్తాపూర్ మీద గెలిచిన తర్వాత మాకు అభిమానులు పుట్టారు. ముందు నర్సింగ్. ఆ తర్వాత అతని షాపుకు వచ్చే ఆటోవాళ్లు. ఆ తర్వాత విమానాశ్రయంలో వీల్‌చైర్ ప్రయాణికులను తీసుకెళ్లే పని చేసే ఎస్తేరు. ఆమె తమ్ముడు శామ్యూల్ మా జట్టులో ఆడేవాడు. మంఖాల్ నుంచి అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే బండి మీద డ్యూటీకి వచ్చేవాళ్లు.

ఈ అభిమానులు ఫోన్లలో ఆస్ట్రేలియా మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టారు. అక్కడ మధ్యాహ్నం అయితే మనకు పొద్దున్నే కదా, ఇడ్లీ తింటూ చూసేవాళ్లు. ఆరు నెలలు తిరిగేసరికి మా బస్టాండులో ప్రతి ఒక్కడూ కోచే.

సోమవారం బల్లకు కొన్ని పద్ధతులు ఏర్పడ్డాయి. గోడ పక్క కుర్చీ కోచ్‌ది, ఇంకెవరూ కూర్చోకూడదు. గెలిచినా ఓడినా కోచ్ రావాలి. రెండు నీళ్ల గ్లాసులు పొడవు కర్రలు, రెండు చాయ్ గ్లాసులు పొట్టి కర్రలు. ఉస్మానియా బిస్కెట్లు మా ఆటగాళ్లు, ఉప్పు బిస్కెట్లు ఎదుటి జట్టు. బంతికి చక్కెర పలుకు. వాదన వేడెక్కితే నర్సింగ్ తెలియకుండానే ఒక ఆటగాణ్ణి చాయ్‌లో ముంచి తినేసేవాడు.

"ఏందన్నా, గది మన సెంటర్ హాఫ్!" అనేది ఎస్తేరు.

"ఆడకుంటె తిన్న. నిన్న గూడ గట్లనే నిలవడ్డడు."

నవ్వుకునేవాళ్లం గానీ, ఆ బల్ల నాకు గ్రంథాలయం తర్వాత గ్రంథాలయం. వాళ్లు చెప్పేదాంట్లో సగం తప్పు. మిగిలిన సగంలో కూడా చాలావరకు ఫోనులో చూసి అప్పగించేదే. కానీ ఒక పని వాళ్ల వల్ల జరిగేది. నేను ఏది ఎందుకు చేశానో, చక్కెర పలుకు జరుపుతూ, పంక్చర్ షాపు ఓనరుకు అర్థమయ్యేలా చెప్పాల్సి వచ్చేది. చెప్పలేకపోయానంటే ఆ ఎత్తు నాకే సరిగ్గా అర్థం కాలేదన్నమాట. అలా బల్ల మీదే చచ్చిపోయిన ఎత్తులు నావి చాలా ఉన్నాయి.

శామ్యూల్ బంతి ఎగరేశాడు

శామ్యూల్ కార్గోలో లోడరు. మనిషి తాటిచెట్టంత. చేతులు అంతకంటే పొడవు. వాళ్ల నాయన పుచ్చకాయల లారీలు దించేవాడు. పైనుంచి ఒకడు కాయ విసురుతుంటే కింద నిలబడి పట్టి పక్కవాడికి అందించే పని. శామ్యూల్ కూడా చిన్నప్పుడు సెలవుల్లో ఆ వరుసలో నిలబడ్డాడు. ఎంత ఎత్తునుంచి వచ్చినా బంతి అతని చేతుల్లో చప్పుడు లేకుండా దిగేది. అతన్ని మా కర్రల ముందు, చివరి కాపలాలో పెట్టాను.

ఆ ఏడాది కప్పు పోటీల్లో బాలాపూర్ జట్టుతో మొదటి మ్యాచ్. వాళ్ల అభిమానులు ట్రాక్టర్లేసుకుని వచ్చారు. "లడ్డూ మాదే, కప్పు మాదే!" అని ఒకటే లొల్లి, వాళ్ల ఊరి వినాయకుడి లడ్డూ వేలానికి పెద్ద పేరు కదా. ఆట చివరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. బాలాపూర్ వాళ్లు ఆకాశంలోకి ఒక బంతి లేపారు. మా కర్రల ముందు నలుగురు ఎగిరారు. అందరికంటే పైన శామ్యూల్ చేతులు. బంతి దిగింది. మార్క్! అంత అందమైన పట్టు నేను మళ్లీ చూడలేదు.

ఆ సంతోషంలో శామ్యూల్, క్రికెట్‌లో క్యాచ్ పట్టినవాడు చేసినట్టు, బంతిని ఆకాశంలోకి ఎగరేశాడు.

క్రికెట్‌లో పట్టడంతో పని అయిపోతుంది. ఈ ఆటలో పట్టడంతో మొదలవుతుంది. బంతి చేయి దాటగానే మార్క్ హక్కు పోయింది. అంపైరు "ఆడండి" అని చేయి ఊపాడు. పైకి పోయిన బంతి కిందికి వచ్చేసరికి అక్కడ బాలాపూర్ కుర్రాడున్నాడు. అందుకున్నాడు, తన్నాడు. రెండు జెండాలు. ఆరు పాయింట్లు. మ్యాచ్ పోయింది.

ఆ మర్నాటి నుంచి శామ్యూల్ ఎక్కడ కనబడినా జనం రెండు చేతులూ ఆకాశంలోకి ఎగరేసేవాళ్లు. బస్టాండులో ఆటోవాళ్లు, కార్గోలో తోటి లోడర్లు, చివరికి మంఖాల్‌లో వాళ్ల చర్చి మెట్ల మీద పిల్లలు కూడా. ఎవరూ ఒక్క మాట అనేవాళ్లు కాదు. చేతులు ఎగరేసి నవ్వడమే. రెండు వారాలకు అతను మైదానానికి రావడం మానేశాడు.

నిక్కరు అంచు

అవే పోటీల్లో బాలాపూర్‌తోనే మళ్లీ ఫైనల్ పడింది. రాష్ట్ర జట్టుకు ఆటగాళ్లను ఎంచేవాళ్లు ఆ మ్యాచ్ చూడటానికి వస్తారని కబురు. సోమవారం బల్ల నిండిపోయింది.

"శామ్యూల్ వద్దు సారూ," అన్నాడు నర్సింగ్. ఒక బిస్కెట్‌ను బల్ల అంచుకు నెట్టేశాడు. "మంచి పోరడే. గని మళ్ల గదే బాల్ వస్తె మళ్ల గదే జేస్తడు. బయట కూసోవెట్టు."

ఎస్తేరు ఆ బిస్కెట్ తీసి మళ్లీ గ్లాసుల ముందు పెట్టింది. "కూసోవెడితె ఇగ జన్మల బాల్ ముట్టడన్నా వాడు. వాడు ఆడాలె. అందరు జూస్తుంటె గసొంటి బాలే పట్టాలె, పట్టి గట్టిగ పట్టుకోవాలె. అప్పుడు గాని గీ చేతులు ఎగరేసుడు బంద్ గాదు. సార్, మీరేమంటరు?"

నేను చెప్పింది ఇద్దరికీ నచ్చలేదు.

"శామ్యూల్ ఆడతడు. గని పట్టడు. గుద్దుతడు."

విషయం ఇది. కర్రల ముందు గుంపులో ఎగిరినప్పుడు, పట్టబోయి జారితే ఎదుటివాళ్లకు ఆరు పాయింట్లు. పట్టకుండా పిడికిలితో గుద్ది బంతిని మన కర్రల వెనక్కే పంపేస్తే, అది పొడవు కర్రల మధ్య నుంచి పోయినా సరే, వాళ్లకు దక్కేది ఒక్క పాయింటు. ఆ తర్వాత బంతి మన చేతికి వస్తుంది. ఎదుటివాళ్లు మీదికి వచ్చి పడుతున్నప్పుడు నియమాలు దీన్ని ఒప్పుకుంటాయి. దీని గురించి ఎన్నోసార్లు చదివాను. చదువుతున్నప్పుడు ఎంత సుళువుగా అనిపించిందో, ఆ బల్ల దగ్గర చెప్పడం అంత కష్టమైంది.

"మన ఇంట్ల మనమే బాల్ ఏసుకునుడా?" నర్సింగ్ లేచి నిలబడ్డాడు. "వాళ్లకు మనమే పాయింట్ ఇచ్చుడా? బాలాపూరోళ్లకా? ఇంకేమన్న ఉన్నదా సారూ! వాళ్లు ఊరేగిస్తరు మనల్ని!"

"ఒకటి పోతె ఏమైతది నర్సింగన్నా? ఆరు మిగుల్తయి గద," అన్నాను.

"పుచ్చకాయ మీదికొస్తె ఎవడన్న గుద్దుతడా? వాని చేతులు చూసినవా? గసొంటి చేతులు వెట్టుకొని పిడికిలి కట్టుమంటవా?"

ఆటోవాళ్లు రెండు గుంపులయ్యారు. పట్టుడు పార్టీ, గుద్దుడు పార్టీ. గుద్దుడు పార్టీలో నేనూ, చెవులు సరిగ్గా వినబడని ఒక ముసలి ఆటో డ్రైవరూ మాత్రమే ఉన్నాం. ఆయన మా పార్టీలో ఎందుకున్నాడో ఇప్పటికీ తెలియదు.

చివరికి నర్సింగ్ తీర్పు చెప్పాడు. "నీ ఇష్టం సారూ. గని గుద్ది ఓడినమంటె, వచ్చే సోమవారం గా కుర్చిల ఇంకొకలు కూసుంటరు." సరే అన్నాను.

శామ్యూల్‌ను ఒప్పించడం అంతకంటే కష్టమైంది. మంఖాల్ వెళ్లాను. ఇంటి ముందు బండి కడుగుతున్నాడు. నన్ను చూసి నీళ్లపైపు కిందపడేశాడు.

"వస్త సార్. గని నాకు ఒక్కటే గావాలె. గా బాల్ మళ్ల పట్టాలె. పట్టి సూపియ్యాలె అందరికి."

"పట్టడానికైతె రాకు," అన్నాను. "గుద్దడానికైతె రా."

పైపు తీసి పక్కన పెట్టాడు. "గుద్దితె నా పేరు మంచిగ ఎట్లయితది సార్?" అని అడిగాడు.

అలాంటిది ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. "నీ పేరు సంగతి నాకు తెల్వదు. మ్యాచ్ సంగతి తెలుసు," అన్నాను. కొత్త కోచ్‌లు ఇలాంటి చోట అబద్ధపు హామీలు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఇస్తే ఆ రోజు గడుస్తుంది, ఆటగాడు మిగలడు.

మర్నాడు సాయంత్రం వచ్చాడు.

పట్టే చేతులను ఆపడం ఎలా? ఎంత చెప్పినా బంతి కనబడగానే రెండు చేతులూ లేచేవి. ఆలోచించి, ఎడమచేత్తో నిక్కరు అంచు పట్టుకోమన్నాను. ఒక్క చేత్తో పట్టడం కుదరదు కాబట్టి కుడిచేయి గుద్దాల్సిందే. ఒక ట్రాక్టర్ ట్రాలీ మీద నిలబడి నేను బంతులు వేస్తుంటే, అంత పొడుగు మనిషి నిక్కరు పట్టుకుని ఎగురుతుంటే, గోడ మీద కూర్చున్న మా అభిమానులు పడీ పడీ నవ్వారు.

"సారూ, నాడ తెగిందా వానికి?" నర్సింగ్ అరిచాడు.

శామ్యూల్ కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది.

ఒక్క జెండా

ఫైనల్ రోజు గోడ మీద, చెట్ల మీద, ట్రాక్టర్ల మీద జనం. శామ్యూల్ మైదానంలోకి అడుగుపెట్టగానే బాలాపూర్ వైపు నుంచి వందల చేతులు ఆకాశంలోకి లేచాయి. అతను తల ఎత్తలేదు.

ఆట గురించి అంతా రాస్తే ఒక పుస్తకమవుతుంది, ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మా గొలుసు గోడ రెండుసార్లు తెగింది, మళ్లీ కట్టుకుంది. మేం ముందుకు పోతే వాళ్లు అందుకునేవాళ్లు. చివరి నిమిషాలకు మేం రెండు పాయింట్ల ముందున్నాం. రెండంటే ఏమీ కాదు. వాళ్లకు ఒక్క గోల్ చాలు.

మా మైదానం విమానాలు దిగే దారి కింద ఉంటుంది. విమానం తల మీదికి వస్తే పక్కవాడి మాట కాదు, విజిలే వినబడదు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద విమానం చక్రాలు చాపుకుని వచ్చింది. దాని నీడ మైదానం మీద పాకుతుండగా బాలాపూర్ వాళ్లు బంతిని లేపారు.

అదే బంతి. అంతే ఎత్తు, అదే చోటు. బాలాపూర్ కుర్రాళ్లు ఇద్దరు దూకుడుగా వస్తున్నారు. శామ్యూల్ బంతి కిందకి చేరుకున్నాడు. దారి చక్కగా దొరికింది. పట్టగలడు. అది నాకు తెలుసు, నర్సింగ్‌కు తెలుసు, మైదానంలో ప్రతి ఒక్కడికీ తెలుసు. పడితే ఆ చేతులు ఎగరేయడం ఆ క్షణంతో ఆగిపోతుంది. ఎంపికకు వచ్చినవాళ్లు కుర్చీల్లోంచి లేచారు. నోళ్లన్నీ తెరుచుకుని ఉన్నాయి, విమానం తప్ప ఏమీ వినబడటం లేదు.

అతను ఎగిరాడు. రెండు చేతులూ లేచాయి. అంతలో ఎడమచేయి వెనక్కి దిగి నిక్కరు అంచు పట్టుకుంది. కుడి పిడికిలి బంతిని గుద్దింది. బంతి మా కర్రల మధ్య నుంచే వెనక్కి దూసుకుపోయింది.

జనం తలలు పట్టుకోవడం చూశాను. నర్సింగ్ గోడ దిగి నా వైపే వస్తున్నాడు, అతని నడక చూస్తే నా కుర్చీ ఎవరికి ఇవ్వాలో అప్పుడే నిర్ణయించినట్టుంది. బాలాపూర్ వాళ్లు గోల్ అనుకుని ఒకరి మీద ఒకరు పడి గంతులేస్తున్నారు. కర్రల దగ్గర అంపైరు గీత మీదికి నడిచాడు. జెండాలు తీశాడు.

ఒక్క జెండా ఊపాడు.

ఒక్క పాయింటే. మేం ఇంకా ఒక పాయింటు ముందున్నాం. గంతులు మధ్యలో ఆగిపోయాయి. శామ్యూల్ వెనకకు పోయి బంతి తీసుకున్నాడు. వాళ్లు తేరుకునేలోపే గీత దగ్గర ఖాళీగా ఉన్న చోటుకు తన్నాడు. దాని మీద రెండు జట్లూ కుప్పగా పడ్డాయి. ఆ కుప్ప కింద బంతి ఉండగానే అంపైరు చేతులు ఊపాడు, ఆట అయిపోయిందని.

విమానం వెళ్లిపోయాక మా వాళ్ల కేక వినబడింది. మళ్లీ అంత కేక వినలేదు.

ఎంపికకు వచ్చినవాళ్లలో పెద్దాయన నా దగ్గరకు వచ్చి శామ్యూల్ పేరు రాసుకున్నాడు. "పట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పట్టగలిగిన బంతిని వదులుకున్నవాణ్ణి ఈ రోజే చూశాను," అన్నాడు.

మర్నాడు సోమవారం. ఒక విచిత్రం జరిగింది. విమానం మోతలో ఎవరేమన్నారో ఎవరికీ వినబడలేదు కదా. "గుద్దు గుద్దు అని నేనే ఒర్రిన!" అన్నాడు నర్సింగ్. ఆటోవాళ్లందరూ అదే అరిచారట. పట్టుడు పార్టీలో ఒక్క మనిషీ మిగల్లేదు.

"మరి నువ్వేమన్నవ్ ఎస్తేరూ?" అని అడిగాను.

"కండ్లు మూసుకున్న సార్," అంది. "కండ్లు తెరిస్తె ఒక్క జెండా ఉండె."

ఆ వారం శామ్యూల్ బస్టాండులో దిగినప్పుడు ఆటోవాళ్లు మళ్లీ చేతులు లేపారు. అతను ఒక్క క్షణం బిగుసుకుపోయాడట. ఈసారి లేచినవి పిడికిళ్లు. ఇప్పటికీ మా శంషాబాద్‌లో ఫుటీ తెలిసినవాళ్లు ఒకరినొకరు అలాగే పలకరించుకుంటారు.

బల్లకు ఇవతల

శామ్యూల్ రాష్ట్ర జట్టుకు ఆడాడు. మోకాలు దెబ్బతిన్నాక ఆట ఆపి, కార్గో షిఫ్టులు చేసుకుంటూనే నా పక్కన నిలబడి కోచింగ్ నేర్చుకున్నాడు. నిరుడు నేను విజిలు అతని చేతికిచ్చాను.

మొన్న ఆదివారం మా జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. చివర్లో మా కొత్త కాపలాదారు హాయిగా పట్టగలిగిన బంతిని గుద్ది వెనక్కి పంపాడు. ఆ ఒక్క పాయింటే మమ్మల్ని ముంచింది. నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే హోటల్‌కి వెళ్లాను. అలవాటు కొద్దీ గోడ పక్కకు నడిచాను.

"గది కోచ్ కుర్చి సారూ," అన్నాడు నర్సింగ్. "నువ్విటు రా." తన పక్కన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

శామ్యూల్ వచ్చి గోడ పక్క కూర్చున్నాడు. గ్లాసులు సర్దాడు. బిస్కెట్లు పేర్చాడు. అతను నోరు తెరిచే లోపే నేను లేచి నిలబడ్డాను.

"గసొంటి బాల్‌ను గుద్దమని ఎవరు చెప్పిన్రు వానికి? అల్కగ చేతులకొచ్చింది గద! పట్టొద్దా?"

ఎస్తేరు చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నర్సింగ్ నా వైపు చూసిన చూపులో ఎన్నో ఏళ్ల సోమవారాలున్నాయి.

"కూసోండ్రి సార్," అన్నాడు శామ్యూల్, ఒక చాయ్ నా వైపు జరుపుతూ. "తాగుండ్రి. చెప్త."

చక్కెర పలుకు తీసుకున్నాడు. ఎదుటివాళ్లు ఎటునుంచి వచ్చారో, మావాడికి ఏం కనబడిందో, ఎందుకు గుద్దాడో ఒక్కొక్కటే జరిపి చూపించాడు. నేను చెప్పేదానికంటే బాగా చెప్పాడు. మొత్తం విన్నాను. అందులో ఒక్క తప్పు కూడా లేదు.

అయినా సరే, ఆ బంతి పట్టాల్సింది.